పేరు చెప్పలేదు

జులై 6, 2025, ఆదివారం. మదనపల్లె.

ఈ వారం యువరాజుకు రాసిచ్చిన ప్రసంగంలో రామచంద్రను మూడు చోట్ల పెట్టాను. ఒకచోట తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చునే పెద్దమనిషిగా, ఇంకోచోట పక్కవాడు పడిపోతుంటే తన చేతిగడియారం సరిచేసుకునేవాడిగా, చివర్లో చూసేవాళ్ళు లేకపోతే మోకాళ్ళు వంగనివాడిగా. పేరు చెప్పలేదు. పేరు పెట్టి తిట్టడం చేతకానివాళ్ళ పని.

యువరాజు కుప్పంలో పాస్టరు. మంచి గొంతు, మంచి జుట్టు, ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు. నేను రాసిచ్చింది వారమంతా బట్టీపట్టి ఆదివారం ఒప్పజెబుతాడు. సంఘం అదంతా దేవుడు అతనికిచ్చిన వరమనుకుంటుంది. నాకు వచ్చేది రాగిపిండి, సంచెడు టమోటాలు, ఈ లోకంలో నన్నింకా 'అయ్యగారూ' అని పిలిచే ఒకే ఒక నోరు. రష్యావాళ్ళ నవలలు, జర్మనీవాళ్ళ వేదాంతం, మన శతకాలు అన్నీ చదివినవాణ్ణి. ఆ చదువంతా పరుపులు కుట్టే పీర్ సాహెబు ఇంటి వెనక అద్దెగదిలో కూర్చుని, కుప్పంలో ఇంకొకడి నోట్లోంచి బయటికి వస్తోంది.

రామచంద్ర పుంగనూరు సంఘపెద్ద. హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. పందొమ్మిదేళ్ళ కిందట నన్ను పాస్టరు పని నుంచి తీసేసిన ఉత్తరం నిండు ఆరాధనలో చదివింది ఆయనే. హాజరు పిలిచినట్టు చదివాడు.

జులై 9

ఎందుకు తీసేశారో ఈ డైరీకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అయినా ఇవాళ రాయాలనిపించింది.

2006. పాపమ్మ కూతురు నీరజ, అప్పటికి ఇరవై ఏళ్ళది, శనివారం సాయంత్రం వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చింది. ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటి చెప్పుకుంది.

(ఇక్కడ రెండు వరుసలు సిరాతో కొట్టేశాను. అక్టోబరు 6.)

మర్నాడు నా ప్రసంగం దాచిన పాపం గురించి. ముందే సిద్ధం చేసుకున్నదే. ఒక్క ఉదాహరణ తక్కువైంది. అదీ దొరికింది. "పగిలిన కుండను పగులు గోడవైపు తిప్పిపెడితే చుట్టాలకు కనపడకపోవచ్చు. నీళ్ళు పోసినవాడికి తెలుస్తుంది" అన్నాను. అటువంటి వాక్యం ఈ జిల్లాలో ఇంకొకడు రాయలేడు.

నలభై ఇళ్ళ సంఘం. పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. 'ఒక కన్నెపిల్ల' అన్నాను, 'తండ్రి లేని పిల్ల' అన్నాను. అంతే.

పాపమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, నా బిడ్డ మీకాడికి ఏడ్చను వచ్చిందే గానీ, మీకు కత ఇయ్యను రాలేదు" అని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారంలోనే పిల్ల కుప్పంలో రైలెక్కి ఎటో పోయిందన్నారు. మూడేళ్ళకు పాపమ్మ చచ్చిపోయింది. నేను వెళ్ళలేదు. నన్నెవరూ పిలవలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ నాకు అన్నం వడ్డించలేదు. ఒకే మాట అంది: "ఆ మాట మీకు నచ్చింది. అందుకే చెప్పినారు." ఆమె చదువుకోలేదు. ప్రసంగం అంటే ఏమిటో ఆమెకేం తెలుసు.

నేను పేరు చెప్పలేదు.

జులై 13, ఆదివారం

ఇవాళ్టి ప్రసంగంలో కుండ వాక్యం మళ్ళీ వాడాను. అంత మంచి వాక్యం పందొమ్మిదేళ్ళు పెట్టెలో మగ్గడం అన్యాయం. ఉదాహరణగా నా కథే రాశాను: నిజం మాట్లాడినందుకు సంఘం వెలివేసిన ఒక సేవకుడు, ఆ నిజాన్ని మోయలేక ఊరొదిలిన ఒక పిల్ల, కింద కూర్చుని చప్పట్లు కొట్టిన ఒక తెల్లచొక్కా. పేర్లు లేవు.

జులై 14, సోమవారం

పొద్దున్నే యువరాజు వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. వందనాలు చెప్పలేదు. సంచిలో టమోటాలు లేవు.

"నన్ను నిలువునా ముంచినారే అయ్యగారూ!"

"ఏమైంది?"

"నిన్న ప్రసంగం మద్దెలో ఒకామె లేసి నిలబడింది. 'పాస్టరుగారూ, ఈ కుండ మాట మీది గాదు. యెవురు రాసిచ్చినారు?' అనింది."

"నువ్వేమన్నావు?"

"పరిశుద్ధాత్మ ఇచ్చినాడమ్మా అంటి."

"గట్టివాడివే."

"నవ్వద్దండి! 'పరిశుద్ధాత్మ ఇంతకు ముందర పుంగనూర్లో కాపరమున్యాడా?' అనింది ఆయమ్మ. సంఘమంతా నవ్వింది. నా పెండ్లాం గూడా నవ్వింది."

ఎవరామె అని అడిగాను. అడగకుండానే తెలిసింది. అయినా అడిగాను.

"ఆస్పత్రిలో నర్సు. ఈడికి వచ్చి రెండు నెల్లు గూడా కాలేదు. నీరజమ్మ అంటారు. మిమ్మల్ని గురువారం వార్డుకు రమ్మనింది. రాకపోతే ఆదివారం మళ్ళీ లేస్తానంది. నాకు ఉద్యోగం ముఖ్యం అయ్యగారూ. మీరు పొయ్యి రండి."

వాడి కోసం వెళ్ళాలా నేను? వాడి జుట్టు కోసమా?

జులై 17, గురువారం

కుప్పం బస్సు పుంగనూరు బస్టాండులో పది నిమిషాలు ఆగుతుంది. పందొమ్మిదేళ్ళుగా ఆ ఊరి నేల మీద కాలు పెట్టలేదు. దినపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ దగ్గర వేరుశనక్కాయలు అమ్మేవాడు "పేపరు తలకిందలుగా ఉండాదప్పా" అన్నాడు.

ఆస్పత్రిలో ఒక చివర ఆరు మంచాల వార్డు. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని చెప్పేసినవాళ్ళు అక్కడ ఉంటారు. నీరజ తల వెంట్రుకలు సగం నెరిశాయి. చూడగానే గుర్తుపట్టలేదు. ఆమె మాత్రం నన్ను గుర్తుపట్టింది.

"కూర్చోండి సారూ."

అయ్యగారూ అనలేదు. నేను జేబులోంచి కాగితాలు తీశాను. రెండు రోజులు కూర్చుని రాసినవి. పశ్చాత్తాపం గురించి, మనిషి బలహీనత గురించి, ఆ కాలపు సంఘం పరిస్థితుల గురించి.

"నాలుగు పేజీలా?" అంది.

"చదవమంటావా?"

"వద్దు. మీరు బాగా సదువుతారని నాకు తెలుసు."

"నేను పేరు చెప్పలేదమ్మా" అన్నాను. ఈ ఒక్కమాటే ఆ కాగితాల్లో లేదు. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

ఆమె చేతిలో ఉన్న చార్టులో ఏదో రాసుకుని, పెన్ను మూతపెట్టి, అప్పుడు మాట్లాడింది. "ఆ దినం నేను మూడో వరసలో కూసోనుంటి. మీరు కుండ మాట చెప్తానే నా పక్కన కూసోనుండిన ఆయమ్మ కొంగు సర్దుకోని జానెడు అవతలికి జరిగింది. పేరు చెప్పకనే ఆయమ్మకెట్ల తెలిసె సారూ?"

నేను జర్మనీవాళ్ళ వేదాంతం చదివినవాణ్ణి. కాగితాలు మళ్ళీ మడతపెట్టాను.

"చూడు నీరజా, నన్ను క్షమించమని..."

"నా కాడ క్షమాపణ లేదు. పని ఉండాది, చేస్తారా? ఈడుండేవాళ్ళకు వారమో పది దినాలో. యెవురితో అన్నా మాట్లాడాలని ఉంటాది. మాకు తీరదు. బిడ్డలు వస్తే ఫోన్లు సూసుకుంటారు. పాస్టర్లు వస్తే ఆ మనిషి నోరు తెరిసేలోపల కండ్లు మూసుకోని ప్రార్థన మొదులుపెడతారు. మీకు మాట్లాడ్డం వచ్చు. వినేది రాదు. సోమవారం, గురువారం రండి. కూసోండి. వినండి. వాళ్ళు అడిగితే తప్ప ప్రార్థన చెయ్యాకండి. విన్నది బయట చెప్పాకండి. రాయాకండి."

"నాకు డెబ్బై నాలుగేళ్ళు. మదనపల్లె నుంచి నాలుగు గంటల ప్రయాణం."

"నేను ఆ దినం కుప్పంలో రైలెక్కి యాడికి పోయినానో తెలుసునా? నాకూ తెలీదు. టికెట్టు లేదు."

అని ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. నాలుగు పేజీలు నా చేతిలోనే ఉన్నాయి.

జులై 18

వెళ్ళను.

జులై 21, సోమవారం

వెళ్ళాను.

జులై 31, గురువారం

ఇది నాలుగోసారి. అయిదో మంచంలో గంగవరం రైతు. కడుపులో గడ్డ. నేను స్టూలు జరుపుకుని కూర్చుని, ఆయనకు ధైర్యం చెప్పడం మొదలుపెట్టాను. బాధను గురించి పెద్దవాళ్ళు చెప్పినవి రెండు మాటలు. ఆయన ఒక కన్ను తెరిచి చూశాడు.

"నోరు మూసుకోనుంటే మనిషి మాదిరే ఉండావు. తెరిస్తే పాస్టరువైపోతాండావు."

నోరు మూసుకున్నాను. ఆయన రెండు గంటలు తన ఎద్దుల గురించి చెప్పాడు. యాభై ఏళ్ళలో ఆయన ఇంట ఎన్ని ఎద్దులున్నాయో, ఏది కుడివైపు కట్టేదో, ఏది ఎడమవైపో, ఏది వాన రాకముందే నిలబడిపోయేదో. నాకు మధ్యలో రెండుసార్లు కునుకు పట్టింది. లేచేసరికి ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఇందులో దాచాల్సిందేమీ లేదు గనక రాస్తున్నాను. అయినా డైరీ అంటే బయట కాదు గదా. ఇది నాకూ కాగితానికీ మధ్య సంగతి.

ఆగస్టు 7, గురువారం

యువరాజుకు రాసివ్వడం మానేశాను. నిజం చెప్పాలంటే వాడే వద్దన్నాడు. కిందటి నెల ఆఖరి ఆదివారం సొంతంగా మాట్లాడాడట. నాలుగు నిమిషాలు. "నాకు ప్రసంగం చెయ్యను రాదు. ఇన్నాళ్ళూ ఇంకొకాయన మాటలు చెప్తాంటిని. నన్ను మన్నించండి" అని నోట మాట రాక నిలబడిపోయాడట. జనం ఏడ్చారట. వారం తిరిగేసరికి సంఘం ముప్పైమంది పెరిగిందని వార్డులో నర్సులు చెప్పుకున్నారు.

నేను వాడికి రాసిచ్చిన పందొమ్మిది వారాల ప్రసంగాలకు ఒక్కరైనా ఏడ్చినట్టు వినలేదు. మూర్ఖులకు ఏడుపు తొందరగా వస్తుంది.

ఆగస్టు 18, సోమవారం

మూడో మంచం కుల్సుమ్. ఎనభై దాటింది. ఎముకల గూడు. కళ్ళు మాత్రం చురుకు. మూడు వారాలుగా నాకు చిల్లర విషయాలే చెబుతోంది. ఇవాళ నా మణికట్టు పట్టుకుని, "యెవురికీ చెప్పలేదప్పా, మా ఆయనకు గూడా" అని మొదలుపెట్టింది. విని నవ్వాపుకోలేకపోయాను. పైకి నవ్వలేదు. కానీ ఇంత చక్కని సంగతి నా జన్మలో వినలేదు. ఒక కథకు సరిపోతుంది. అది ఏమిటంటే

(ఇక్కడ ఒక ఆకు చింపేశాను.)

ఆగస్టు 20, బుధవారం

పీర్ సాహెబుతో టీ తాగుతున్నాను. ఆయన దూది ఏకే యంత్రం ఆపి, చొక్కా మీది దూది దులుపుకుని వచ్చి కూర్చున్నాడు. "ఏం సారూ, వారానికి రెండు తూర్లు కుప్పం పోతాండారు, ఆడ ఏమన్నా రెండో కాపరమా?" అన్నాడు. నవ్వాను. ఆయన్ని నవ్వించాలనిపించింది. ఏడాదికోసారి కూడా నాకు అలా అనిపించదు.

చెప్పాను. మూడో మంచం సంగతి. అందంగా చెప్పాను. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి. పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. సోమల నుంచి కోడలుగా వచ్చిందన్నాను, భర్తకు గాజుల అంగడి అన్నాను. అంతే.

పీర్ సాహెబు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆయమ్మ మా చెల్లెలికి వియ్యపురాలు సారూ. కుల్సుమ్ ఆపా. నా పెండ్లిలో పెండ్లికూతురికి గాజుల పెట్టె ఇచ్చినామె."

"నేను పేరు చెప్పలేదు గదా పీర్ సాహెబ్."

"అవును సారూ. పేరొక్కటే చెప్పలేదు."

లేచి వెళ్ళి యంత్రం ఆన్ చేశాడు. సాయంత్రం దాకా ఆపలేదు.

ఆగస్టు 21, గురువారం

వెళ్ళలేదు.

పేరొక్కటే చెప్పలేదు.

ఆగస్టు 23

ఆనాడు పాపమ్మ నిలబడింది. మొన్న పీర్ సాహెబు లేచి వెళ్ళాడు. మధ్యలో పందొమ్మిదేళ్ళు, మూడు వందల పుస్తకాలు. అప్పుడు యాభై అయిదేళ్ళవాణ్ణి, ఆవేశం అనుకున్నాను. ఇప్పుడు డెబ్బై నాలుగు. ఇప్పుడేమనుకోవాలి?

ఆకు చింపి పొయ్యిలో వేశాను. చింపితే మాత్రం ఏం? పీర్ సాహెబు చెవిలోంచి చింపలేను.

ఆగస్టు 25, సోమవారం

ముందు నీరజతో చెప్పాను. అరుస్తుందనుకున్నాను. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోదామని సంచి కూడా కింద పెట్టలేదు. ఆమె సిరంజిలో మందు ఎక్కిస్తూ అంది: "నాతో యాల చెప్తాండారు? సంగతి నాది గాదు. ఆయమ్మకు చెప్పండి."

"ఆమెకు తెలిస్తే బాధపడుతుంది."

"అది మీ బాద సారూ. ఆయమ్మ బాద అని పేరు పెట్టాకండి."

మూడో మంచం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. కుల్సుమ్ నన్ను చూసి, "గురువారం రాలేదే? నేను సచ్చిపోయినానని అనుకుంటివా?" అంది. చెప్పాను. ఎవరికి చెప్పానో పేరుతో సహా చెప్పాను. అందంగా చెప్పడానికి వీలు లేకపోయింది.

ఆమె దుప్పటి మీదికి లాక్కుంది. ముఖం గోడవైపు తిప్పుకుంది. వెళ్ళిపోదామని లేచాను.

"కూసో. యాడికి పోతావు? నా సంగతి నువ్వు దొంగిలించినావు. బదులు నీది ఒకటి ఇయ్యి."

"ఏమిటి?"

"యెవురికీ చెప్పనిది. నేను యాడ చెప్తా పో, ఇంక నాకు నోరుండేది నాలుగు దినాలు."

ముప్పై ఏళ్ళు ఇతరుల ఒప్పుకోళ్ళు విన్నవాణ్ణి. నన్నెవరూ అడగలేదు. ఇది నాది గనక ఇక్కడ రాయొచ్చు.

చెప్పాను. ఆ ఆదివారం కుండ వాక్యం చెప్పబోయే ముందు మూడో వరుసలో నీరజ ముఖం చూశాను. ఆమె నావైపే చూస్తోంది. చెప్పబోయేది ఆమెకు అర్థమైపోయిందని నాకు అర్థమైంది. ఆపడానికి ఒక ఊపిరి తీసుకునేంత సమయం ఉంది. నలభై ఇళ్ళకూ తెలిసిపోతుందని తెలుసు. అయినా వాక్యం బాగుంది. వదలబుద్ధి కాలేదు. కోపంతో కాదు, నీతి కోసం కాదు. బాగుందని చెప్పాను. మా ఆవిడ అన్నదే నిజం.

కుల్సుమ్ విన్నది. ఓదార్చలేదు. పోనీలే అనలేదు. "ఛీ" అంది. తర్వాత, "నాకు నీళ్ళు తాపేవాళ్ళు లేరు. గురువారం గూడా రా" అంది. నా మణికట్టు పట్టుకునే ఉంది.

కృప మెత్తగా ఉంటుందని, పాల నురగలా దిగుతుందని వేదిక మీద నుంచి ముప్పై ఏళ్ళు చెప్పాను. ఎవరిదో చూసి రాసిన మాటలు అవి. దానికి గోళ్ళుంటాయి. ఛీ అంటుంది, చెయ్యి వదలదు.

సెప్టెంబరు 4, గురువారం

మూడో మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. సాయంత్రం పీర్ సాహెబు గదికి వచ్చి, "ఆపా పోయింది సారూ. నిన్న మట్టి చేసినాము" అన్నాడు. గడప దాటుతూ అన్నాడు: "ఆ సంగతి నా కాడే నిలిసిపోతుంది. మీరూ ఆడనే నిలబెట్టండి."

సెప్టెంబరు 22, సోమవారం

దేవుడు నాకొక బహుమానం పంపాడు. రెండో మంచంలో రామచంద్ర.

కూతురు కుప్పంలో ఉందట, ఇక్కడ చేర్పించింది. ఊపిరితిత్తులు. తెల్లచొక్కా లేదు. ఆస్పత్రి గౌనులో ఈకలు పీకిన కోడిలా ఉన్నాడు. బస్సులో వస్తూ మామూలుగా విసుక్కుంటున్నవాణ్ణి, ఆయన్ని చూడగానే నా వయసు పదేళ్ళు తగ్గింది. ఇది పాపమైతే పాపమే. రాస్తున్నాను.

నీరజ ఆయన ఒళ్ళు తుడుస్తోంది. ఆయన ఉత్తరం చదివిన సంఘంలోనే ఆమె మూడో వరుసలో కూర్చునేది. ఆయనకు ఆమె ఎవరో తెలుసు. కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

"ఆ మంచం కాడ మీరు కూసునేది మీ ఇష్టం. బలవంతం లేదు" అంది నాతో.

కూర్చున్నాను. ఆయన కళ్ళు తెరిచాడు.

"నువ్వా."

"నేనే."

"సూడను వచ్చినావా?"

"అవును."

"సూసుకో" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

సెప్టెంబరు 25, గురువారం

ఆయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మూడు గంటలు. మధ్యలో దాహమన్నాడు. తాగించాను. గ్లాసు ఆయన పెదవుల దగ్గర కావాలనే ఒక క్షణం ఆలస్యం చేశాను. ఆయన గమనించాడు. నేను గమనించానని కూడా గమనించాడు.

అక్టోబరు 2, గురువారం

చెప్పాడు.

గంటన్నర. ఊపిరి అందక ఆగుతూ, ఆగుతూ. నీరజను కూడా అవతలికి వెళ్ళమన్నాడు. అంతా చెప్పి, "ఇంక నీ ఇష్టం" అన్నాడు.

పందొమ్మిదేళ్ళుగా నేను వెతికింది ఇదే. ఇది బయట పెడితే నా ఉత్తరం చదివిన నోరు, ఆ ఉత్తరం కింద సంతకం పెట్టిన చేతులు, అన్నీ బురదలో పడతాయి. పుంగనూరులో ఆ ఇంటివాళ్ళు తల ఎత్తుకుని తిరగలేరు. నా తప్పు పోదు గానీ పక్కన ఇంత పెద్దది పెడితే చిన్నదిగా కనపడుతుంది.

"నాతో ఎందుకు చెప్పావు?" అన్నాను.

"నువ్వు యాల చెప్పాలనుకుంటావో నాకు తెలుసు గనక. మిగిల్నోళ్ళు నన్ను మంచోడనుకుంటారు. వాళ్ళతో చెప్పను రాలేదు." ఆగాడు. "సమాధికాడ నువ్వు మాట్లాడల్ల. కొడుకుతో చెప్పినాను."

"నేనా?"

"నన్ను పొగడనోడు ఒకడన్నా ఉండాల గదప్పా ఆడ. చెప్తే చెప్పుకో. పెట్టెలోనుంచి లేసి జవాబియ్యలేను."

నవ్వాడు. దగ్గు వచ్చింది. వీపు నిమిరాను. ఎముకలు తగిలాయి.

అక్టోబరు 6, సోమవారం

నిన్న పోయాడు. బుధవారం పుంగనూరులో సమాధి కార్యక్రమం.

బస్సులో వస్తూ ఒక వాక్యం తట్టింది. ఆయన గురించి. ఒకే ఒక వాక్యం, పేరు ఉండదు, ఏమీ చెప్పినట్టు ఉండదు, విన్న ప్రతివాడికీ తెలిసిపోతుంది. కుండ వాక్యం దీని ముందు పసిపిల్లల మాట. బస్సు టికెట్టు వెనక రాసి జేబులో పెట్టుకున్నాను.

జులై తొమ్మిదో తేదీ పేజీ తీసి రెండు వరుసలు కొట్టేశాను. అవతలి పేజీకి సిరా దిగేదాకా కొట్టాను.

టికెట్టు మాత్రం జేబులోనే ఉంది.

అక్టోబరు 8, బుధవారం

పుంగనూరులో బస్సు దిగాను. ఈసారి ముఖానికి పేపరు అడ్డం పెట్టుకోలేదు. 

ఆలయం నిండిపోయింది. బయట షామియానా వేశారు. రామచంద్ర కొడుకు వాకిట్లోనే పట్టుకున్నాడు. ముఖాన చెమటలు. "నాయన చివరి కోరిక అని పిల్సినాము సారూ. పాత సంగతులు ఏమీ ఎత్తరు గదా?" అన్నాడు. అతని ముఖమే చూస్తూ చెప్పులు విడిచాను. ఆ కాస్త భయం చూడటం నాకు తియ్యగా ఉంది. దాన్ని కూడా రాసుకోవాలి.

వేదిక మీద నిలబడ్డాను. అదే చెక్క ప్రసంగపీఠం. కుడి అంచున నా వేలు పెట్టుకునే చోట అరిగిన పల్లం అలాగే ఉంది. వేలు దానంతటదే అక్కడికి వెళ్ళింది. మూడు వందలమంది నావైపు చూస్తున్నారు. అంత నిశ్శబ్దం నా మంచి రోజుల్లో కూడా నాకు దొరకలేదు. వాళ్ళకు తెలుసు, ఈ ముసలాడు పందొమ్మిదేళ్ళు దాచుకున్నదంతా ఇవాళ కక్కబోతున్నాడని. జేబులో టికెట్టు వేళ్ళకు తగిలింది. వాక్యం నాలుక మీదికి వచ్చేసింది.

మూడో వరుసలో నీరజ కూర్చుని ఉంది. డ్యూటీ చీరతోనే వచ్చింది. నావైపే చూస్తోంది.

ఊపిరి తీసుకున్నాను. అప్పుడు కూడా ఇంత సమయమే ఉండింది.

"నా పేరు గురుపాదం" అన్నాను. "2006లో ఈ చోటు నుంచి ఒక బిడ్డ నా దగ్గర నమ్మి చెప్పుకున్న మాట బయటపెట్టాను. ఆమె పేరు చెప్పలేదని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. చెప్పాల్సిన పేరు ఆమెది కాదు. నాది. ఆ పని చేసింది గురుపాదం. రామచంద్ర చదివిన ఉత్తరం న్యాయమైంది."

కీర్తన చదివాను. కూర్చున్నాను.

రామచంద్ర గురించి ఒక్క మాట చెప్పలేదు. పొగడలేదు. ఆయన కోరిందీ అదే. ఆయన్ని క్షమించానా అంటే లేదు. నీళ్ళు ఆలస్యం చేసినవాణ్ణి, నాకు క్షమించే అర్హత ఎక్కడిది.

మట్టి వేశాక కొడుకు మళ్ళీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు. "నాయన మీతో చానాసేపు మాట్లాడినాడని అక్క చెప్పింది. ఏం చెప్పినాడు సారూ?"

"విన్నాను" అన్నాను.

"ఏం విన్నారు?"

"విన్నాను నాయనా."

నీరజ గేటు దగ్గర ఆటో కోసం నిలబడి గడియారం చూసుకుంటోంది. ఏమైనా అంటుందేమోనని పక్కన నిలబడ్డాను. ఇప్పటికీ నాలో ఆ ఆశ చావలేదు. ఆటో వచ్చింది. ఎక్కుతూ అంది: "రేపు గురువారం. మద్యానం బస్సుకు కాదు సారూ, పొద్దన బస్సుకు రండి. రెండో మంచానికి కొత్త మనిషి వచ్చినాడు. రాత్రంతా నిద్రపోల. యెవురితోనో చెప్పల్లంటాడు."

టికెట్టు చింపి మురికికాలవలో వేశాను. ఆ వాక్యం ఇక్కడ కూడా రాయను. మంచి వాక్యం. నా జీవితంలో అంత మంచిది మళ్ళీ రాదు.

అక్టోబరు 9, గురువారం. కుప్పం.

రెండో మంచం.

విన్నాను.